బోధన్ బాటలో సర్కారు కాగితం

నిజామాబాద్‌లో గ్రంథాలయం తలుపు తీసే వేళకే వరండాలో పిల్లలు బారులు తీరి ఉంటారు. పిల్లలంటే పాతికేళ్ల వాళ్లు, ముప్పై దాటినవాళ్లు కూడా. గ్రూప్ వన్, గ్రూప్ టూ, పోలీసు కొలువు, టీచరు కొలువు అంటూ ఆర్మూరు, బాల్కొండ, వర్ని వైపు పల్లెల నుంచి వచ్చి, గదులు అద్దెకు తీసుకుని చదువుకుంటున్నవాళ్లు. బల్లల మీద అందరికంటే ఎక్కువ నలిగిన పుస్తకం ఏదా అని చూశాను. తెలంగాణ ప్రభుత్వం ఏటా బడ్జెట్‌తో పాటు తెచ్చే ‘సోషియో ఎకనమిక్ ఔట్‌లుక్’. జిరాక్స్ ప్రతి, స్పైరల్ బైండింగ్, పేజీ పేజీకీ రెండు మూడు రంగుల గీతలు. సర్కారు అచ్చేసిన కాగితాన్ని ఇంత ఆశగా చదివే జనాన్ని నేను మరెక్కడా చూడలేదు.

నేను వెళ్లిందీ సర్కారు ప్రచురణల కోసమే. కాకపోతే పరీక్షల్లో అడగనివి. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ పుట్టుక, అమ్మకం, మూసివేత గురించి ప్రభుత్వాలు స్వయంగా ఏం రాసిపెట్టాయో, ఆ రాత ఈ జిల్లాలో మామూలు మనిషి చేతికి అందుతుందో లేదో చూడాలని బయల్దేరాను. రెఫరెన్సు విభాగం చూసే మేడమ్‌ను అడిగితే ఆమె నేరుగా బీరువా దగ్గరికి వెళ్లలేదు.

“ఏ యేటిది గావాలె సార్? అప్పుడు మన జిల్లా ఎవరి కింద ఉండె?” అన్నారు.

ఆ పని కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. ఈ ఊరు ఒకప్పటి ఇందూరు. 1905లో జిల్లా పేరు నిజామాబాద్ అయింది. 1956 నవంబరు 1 దాకా హైదరాబాద్ రాష్ట్రం, ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్, 2014 జూన్ 2 నుంచి తెలంగాణ. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. 2016 దసరా నాడు కామారెడ్డి వేరు జిల్లా అయింది. బాన్సువాడ, ఎల్లారెడ్డి, నిజాంసాగర్ అటు పోయాయి, బోధన్ ఇటే ఉండిపోయింది. నేల మీద ఒక్క గజం కదలకుండానే ఒక ఊరు ఇన్ని చిరునామాలు మార్చింది.

మామూలు పుస్తకానికి రచయిత ఉంటాడు. దాశరథి పుస్తకం దాశరథి పేరు మీదే దొరుకుతుంది. సర్కారు ప్రచురణకు రచయిత ప్రభుత్వమే. గ్రంథాలయ సూచికలో మొదట రాష్ట్రం పేరు, దాని కింద శాఖ పేరు, ఆ తర్వాతే పుస్తకం పేరు రాస్తారు. రాష్ట్రం మారితే శీర్షిక మారుతుంది. రెండు శాఖలను కలిపినా, ఒకదాన్ని విడగొట్టినా మళ్లీ మారుతుంది. ఫలితంగా ఒకే జిల్లా గణాంకాలు ఒక చోట ‘హైదరాబాద్’ కింద, ఇంకో చోట ‘ఆంధ్రప్రదేశ్’ కింద, మరో చోట ‘తెలంగాణ’ కింద చేరతాయి. వాటిని ఒక తాడుకు గుచ్చే మనిషి లేకపోతే చదవడానికి వచ్చినవాడు మూడో వంతు చూసి, ఉన్నదింతే కాబోలు అనుకుని వెళ్లిపోతాడు.

మేడమ్ దగ్గర అట్ట వేసిన పొడవాటి నోటుబుక్కు ఉంది. ఎడమ పేజీలో ప్రచురణ పేరు, కుడి పేజీలో దాని పూర్వనామాలు. ‘జిల్లా సెన్సస్ హ్యాండ్‌బుక్’ అన్న పేజీ తెరిచి చూపించారు. 1951 దగ్గర హైదరాబాద్ అని, 1961 నుంచి 2011 దాకా ఆంధ్రప్రదేశ్ అని, పక్కన చిన్న అక్షరాలతో ‘1981 దాకా తాలూకా చూడాలె, తర్వాత మండలం చూడాలె’ అని ఉంది. లేని సంవత్సరాలను ఎర్ర సిరాతో రాసుకున్నారు. ఎరుపు తక్కువేం లేదు.

“పేరు మారితే పుస్తకం పోయినట్టే సార్. జోడిచ్చి పెట్టకపోతే ఎవలకు దొరుకుతది?” అన్నారు.

ఈ నోటుబుక్కును ఏ అధికారీ రాయమనలేదు. రాసినందుకు జీతంలో ఒక్క రూపాయి కలవదు. గ్రంథాలయాలకు మనం ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున పన్ను కడుతున్నాం, 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం. ఆ ఎనిమిది పైసల్లో అసలు విలువైన భాగం ఇలాంటి నోటుబుక్కులే అని నా నమ్మకం. పుస్తకాన్ని ఎవరైనా కొనవచ్చు. ఒక ఊరి కథ ఏయే సంపుటాల్లో ఏయే పేర్లతో చెదిరి ఉందో తెలిసిన మనిషిని కొనలేం.

హైదరాబాద్ సంస్థానం నాటి కాగితాల దగ్గరికి వస్తే చిక్కు ఇంకా పెరుగుతుంది. అప్పటి సర్కారు గెజిట్ పేరు జరీదా. భాష ఉర్దూ. తేదీలు ఫస్లీలో ఉంటాయి, నెలలు ఆజర్, దై, బహ్మన్ అంటూ నడుస్తాయి. ఫస్లీకి 590 కలిపితే మన లెక్క వస్తుంది కానీ, ఏడాది అక్టోబరులో మొదలవుతుంది గనక 1347 ఫస్లీ అంటే 1937–38. ఆ ఒక్క మెట్టు తప్పితే ఏడాది తేడా వచ్చేస్తుంది. ఉర్దూ చదివే సిబ్బంది రిటైరవుతూ పోతున్నారు, వాళ్ల చోటులోకి ఆ లిపి వచ్చినవాళ్లు రావడం అరుదు. ఎవరైనా పెద్దలు పేపరు చదవడానికి వస్తే పాత పుటలు వాళ్ల ముందు పెట్టి, శీర్షికలైనా తెలుగులో రాయించుకుంటామని మేడమ్ చెప్పారు. నాకు ఎంతో నచ్చిన పద్ధతి ఇది. చదువరి చేతే సూచిక రాయించడం.

ఇంతకీ ఈ పుస్తకాలు గ్రంథాలయానికి ఎలా వస్తాయి? చాలావాటికి వెల ఉండదు, దుకాణంలో అమ్మరు, ప్రకటన వేయరు. 1954 నాటి కేంద్ర చట్టం ప్రకారం దేశంలో అచ్చయిన ప్రతి పుస్తకం కలకత్తా, మద్రాసు, బొంబాయి, ఢిల్లీల్లోని నాలుగు గ్రంథాలయాలకు చేరాలి. ఆ నాలుగింట్లో హైదరాబాద్ లేదు. ప్రభుత్వ ప్రచురణలకూ ఆ చట్టం వర్తిస్తుంది గానీ ‘ఆఫీసు వాడకానికి మాత్రమే’ అనుకున్నవాటికి మినహాయింపు ఇచ్చారు. ఆ ఒక్క ముక్క ఎన్ని పుస్తకాలను మింగిందో. అమెరికాలో పందొమ్మిదో శతాబ్దం నుంచీ వేరే ఏర్పాటు ఉంది. ఫెడరల్ ప్రభుత్వం తన ప్రచురణలను దేశమంతటా ఎంపిక చేసిన గ్రంథాలయాలకు ఉచితంగా ఇస్తుంది. అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ముఖ్యమైన షరతు, ఎవరు వచ్చి అడిగినా చూపించాలి. మన జిల్లాలకు ఆ ఏర్పాటు లేదు. అందుకే మేడమ్ ఏటా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయానికి స్వయంగా వెళ్లి, కుర్చీలో కూర్చుని, జిల్లా గణాంకాల పుస్తకం ఒక ప్రతి అడిగి తెచ్చుకుంటారు. అడగని ఏడు, రాదు.

అలా ఏళ్ల తరబడి అడిగి తెచ్చిన వరసలో ఏముంటుందో నాకు నిజాంసాగర్ పేజీల్లో కనిపించింది. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన ఆనకట్ట అది, అలీ నవాజ్ జంగ్ ఇంజినీరింగ్. బోధన్ చెరకంతా ఆ నీటి మీద పుట్టిందే. ఆయకట్టు 2,75,000 ఎకరాలు. ఒక్క సంపుటం చూస్తే అందులో ఒక అంకె ఉంటుంది అంతే. పాత సంపుటాన్నీ కొత్త సంపుటాన్నీ పక్కపక్కన తెరిస్తే కథ మొదలవుతుంది. తొలినాళ్లలో జలాశయం నిల్వ 29 టీఎంసీలకు పైన, ఇటీవలి లెక్కల్లో 17.8. పోయినదంతా పూడికే. దాదాపు పన్నెండు టీఎంసీల నీళ్లు ఉండాల్సిన చోట మట్టి కూర్చుంది. ఏ మంత్రీ ఉపన్యాసంలో చెప్పని ఈ మాటను రెండు పుస్తకాలు చెబుతున్నాయి. మధ్యలో ఏ సంపుటం పోయినా, ఆ మట్టి ఎప్పుడు ఎంత చేరిందో చెప్పే సాక్షి పోయినట్టే.

మధ్యాహ్నం ఖిల్లా ఎక్కాను. పైన రఘునాథాలయం, ఆ పక్కనే పాత జైలు. 1948లో దాశరథి కృష్ణమాచార్యులు ఇక్కడే ఖైదీ, గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. తోటి ఖైదీ వట్టికోట ఆళ్వారుస్వామి. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగిన మనిషి. ఆ రోజుల్లో సభ పెట్టాలంటే ముందుగా సర్కారు అనుమతి తీసుకోవాలని గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు శాసించింది. గ్రంథాలయం తెరవడమన్నా సర్కారుకు అనుమానమే. ఆరో ఆంధ్రమహాసభ 1937లో ఈ నిజామాబాద్‌లోనే మందుముల నరసింగరావు అధ్యక్షతన జరిగిందంటే దాని వెనక ఎంత పట్టుదల ఉందో ఊహించుకోవాలి. ఆ గస్తీ కూడా ఒక సర్కారు కాగితమే. మన పెద్దల నోరు కట్టేయడానికి జారీ చేసిన ఉత్తర్వును ఇవాళ మనం పేరుతో, అంకెతో చెప్పగలుగుతున్నామంటే దాన్ని ఎవరో భద్రం చేశారన్నమాట. మంచి ఉత్తర్వులనే దాచే గ్రంథాలయం సగం పనే చేసినట్టు.

నిజామాబాద్ నుంచి బోధన్ పాతిక కిలోమీటర్ల పైమాట. సారంగాపూర్ దాటుతుంటే సహకార చక్కెర ఫ్యాక్టరీ వస్తుంది, అదీ మూతబడిందే. జానకంపేట దగ్గర రైలు దారి చీలి బోధన్ వైపు పోతుంది. ఎడపల్లి దాకా రెండు పక్కలా వరి. చెరకు అక్కడక్కడ మడి మడిగా కనబడింది గానీ, ఒకప్పుడు కోత రోజుల్లో ఎడ్లబండ్లు, ట్రాక్టర్లు మైళ్ల కొద్దీ నిలబడేవని బస్సులో పక్కనున్న పెద్దావిడ చెబుతూనే ఉంది. “శక్కర్ ఫ్యాక్టరీ సైరన్‌కే మేము వంట వండుకునేది బిడ్డా” అంది. బోధన్‌లో దిగితే తెలుగు, ఉర్దూ, మరాఠీ ఒకే టీకొట్టు దగ్గర వినబడతాయి.

ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్ ఊరి కొసన ఉంది. నిజాం ప్రభుత్వం పరిశ్రమలకు పెట్టుబడి పెట్టడానికి 1929లో ఇండస్ట్రియల్ ట్రస్ట్ ఫండ్ ఏర్పాటు చేసింది. దాని అండతో 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఆసియాలోనే పెద్దదిగా పేరు పొందింది. సొంత చెరకు పొలాలు, క్వార్టర్లు, బడి, ఆస్పత్రి. 2002లో 51 శాతం వాటా ప్రైవేటు చేతికి పోయి నిజాం దక్కన్ షుగర్స్ అయింది. ఉమ్మడి రాష్ట్ర శాసనసభ వేసిన సభా సంఘం ఆ అమ్మకాన్ని తప్పుబట్టింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు, 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది, 2024లో మళ్లీ తెరిచే దారి చూడమని మంత్రి శ్రీధర్‌బాబు నాయకత్వంలో ప్రభుత్వం కమిటీ వేసింది. కొన్ని వాక్యాల్లో నేను చెప్పేసిన ఈ కథ శాసనసభ, పరిశ్రమల శాఖ, హైకోర్టు, ట్రిబ్యునల్, కార్మిక శాఖల కాగితాల్లో చెదిరి ఉంది. ఏ ఒక్క చోటా అంతా లేదు.

బోధన్‌లో అంతా ఉన్నది ఒక రేకు పెట్టెలో. ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి దిగిన పెద్దాయన ఇంట్లో. మంచం కింద నుంచి పెట్టె లాగి, పాత దుప్పటి ముక్క తీసి, ఒక్కో కట్ట బయట పెట్టారు. జీవో కాపీలు, వేతన ఒప్పందాలు, లే ఆఫ్ నోటీసు, కోర్టు ఉత్తర్వులు, సభా సంఘం నివేదికలో కొన్ని పుటల జిరాక్స్. నోటీసుకు ప్లాస్టిక్ లామినేషన్ చేయించారు. మడత పడ్డ చోట్లన్నీ వెనక నుంచి తెల్ల కాగితం అంటించారు, పేస్టు కూడా మైదాతో ఇంట్లో ఉడికించిందే. ప్రతి కట్ట మీదా తేదీ, ఎవరి దగ్గర తెచ్చిందీ, ఎవరికి చూపించిందీ పెన్నుతో రాసి ఉంది. గ్రంథాలయశాస్త్రం చదవని మనిషి ఏర్పరచుకున్న వరస అది. ఏ కాగితం అడిగినా నిమిషంలో తీశారు.

“పెద్దాయనా, ఇవన్నీ ఎందుకు జమ చేసినరు?” అన్నాను.

“జీతం బాకీ ఎంతుందో సర్కారు కాయిదమే చెప్పాలె సార్. నేను చెప్తే ఎవలింటరు?”

ఆయనకు కావలసింది, లేనిది ఒక్కటే. చెరకు రిజర్వు ప్రాంతం గెజిట్. 1961 నాటి రాష్ట్ర చట్టం కింద ఏయే ఊళ్ల చెరకు ఏ ఫ్యాక్టరీకి చెందుతుందో కేన్ కమిషనర్ ప్రకటిస్తారు. ఊళ్ల పేర్ల జాబితా గెజిట్‌లో అచ్చవుతుంది. బోధన్ మూతబడ్డాక ఇక్కడి రైతు చెరకు కామారెడ్డి వైపు ప్రైవేటు ఫ్యాక్టరీలకు పోవాల్సి వచ్చింది. ఆ జాబితాలో తన ఊరు ఏ ఏడు ఎటు పోయిందో తెలియకుండా రైతు వాదించలేడు. అదే విధంగా, 1966 నాటి కేంద్ర చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు దిగిన 14 రోజుల్లో డబ్బు చెల్లించాలి, ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం చొప్పున వడ్డీ పడుతుంది. దశాబ్దాలుగా అచ్చులో ఉన్న మాట ఇది. తరాల తరబడి చెరకు వేసిన ఇళ్లలో ఎందరికి తెలుసు? బస్సులో పెద్దావిడకు తెలియదు. పెద్దాయన కొడుకుకు తెలియదు. ఒక చట్టం ఉండటానికీ, అది ఊళ్లో ఉండటానికీ మధ్య గ్రంథాలయమే నిలబడాలి అని నాకు మరింత గట్టిగా అనిపించింది ఇక్కడే.

ఇప్పుడన్నీ ఆన్‌లైన్‌లో ఉంటాయి కదా అంటారు. 2015 అక్టోబరు నుంచి భారత గెజిట్ కాగితం మీద అచ్చవడం మానేసింది, అంతా ఈ-గెజిట్టే. బాగానే ఉంది. కానీ 2021 ఆగస్టులో ఏం జరిగిందో చూడండి. జీవోలన్నీ జారీ అయిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని తెలంగాణ హైకోర్టు ప్రభుత్వానికి చెప్పాల్సి వచ్చింది. అదే నెలలో పక్కన ఆంధ్రప్రదేశ్ జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడమే ఆపేసింది. అచ్చయిన గెజిట్‌ను వంద అల్మారాల్లోంచి వెనక్కి లాక్కోవడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. వెబ్ పేజీని ఒక్క సాయంత్రం మూసేయవచ్చు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ప్రతి కార్యాలయమూ తన రికార్డులకు సూచికలు తయారు చేసి పెట్టాలంటోంది. 2005లో రాసిన ఆ వాక్యం అచ్చంగా గ్రంథాలయం మనిషి చేసే పనినే వర్ణిస్తుంది. కార్యాలయాల్లో ఆ పని తెలిసిన మనిషిని మాత్రం పెట్టలేదు.

అందుకే నిజామాబాద్ మేడమ్ జిల్లాకు సంబంధించిన జీవో కనబడగానే దింపుకుని పెన్‌డ్రైవ్‌లో దాస్తారు. ఫైలు పేరులో ముందు సంవత్సరం, నెల, తేదీ, తర్వాత శాఖ, చివర నంబరు. వెబ్‌సైట్ ఇచ్చే పేరు అంకెల గజిబిజి, దాన్ని అలాగే ఉంచితే రెండేళ్ల తర్వాత తనకే దొరకదని చెప్పారు. దేశంలోని పాత గెజిట్లు, సెన్సస్ సంపుటాలు చాలానే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి కూడా ఎక్కాయి. ఎవరో పుణ్యాత్ములు వేల సంపుటాలు స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు. అక్కడ దొరికినదాని చిరునామా ఆ పొడవాటి నోటుబుక్కులో ఆ సంవత్సరం ఎదురుగా రాసుకుంటే ఎరుపు సిరా కొంత తగ్గుతుంది. తగ్గించారు కూడా. సభా సంఘం నివేదిక పూర్తి ప్రతి కోసం హైదరాబాద్‌లో తెలిసిన గ్రంథాలయ ఉద్యోగికి ఫోన్ చేశారు నా ముందే. 1891లో ఆసఫియాగా మొదలై ఇప్పుడు అఫ్జల్‌గంజ్‌లో ఉన్న స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో లేకపోతే ఎక్కడ అడగాలో, తార్నాక ఆర్కైవ్స్‌కు ఏ రకం ఉత్తరం రాయాలో ఇద్దరూ మాట్లాడుకున్నారు. పుస్తకాలు పంచుకునే ఒప్పందాలేవీ లేవు వాళ్ల మధ్య. ఒకరి అవసరం ఒకరికి తెలుసు, అంతే.

బోధన్ వదిలే ముందు దేవల్ మసీదు చూశాను. బుద్ధుని కాలం నాటి అస్మక రాజ్యానికి రాజధాని పోదన ఈ బోధనే అంటారు. చాళుక్య త్రైలోక్యమల్ల సోమేశ్వరుడి కాలపు బోధన్ శాసనం 1056 నాటిది. 1914లో గులాం యాజ్దానీ డైరెక్టరుగా మొదలైన నిజాం పురావస్తు శాఖ దాన్ని తన ‘హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్’లో అచ్చువేసింది. రాజు భూమి ఇచ్చినా పన్ను మాఫీ చేసినా రాతి మీద చెక్కించి, అందరూ నడిచే చోట నిలబెట్టేవారు. అప్పటి జీవో అది. చదవడం రానివాడు కూడా అది ఎక్కడుందో ఎరుగును.

రుద్రూరు దాకా వెళ్లడం కుదరలేదు. అక్కడి చెరకు, వరి పరిశోధన కేంద్రం వార్షిక నివేదికలు ఎన్ని మిగిలాయో కనుక్కోమని మేడమ్ నాకు అప్పజెప్పిన పని ఇంకా బాకీ ఉంది.

పెద్దాయనను మాత్రం ఒక మాట అడిగాను, ఈ పెట్టెలోవి గ్రంథాలయానికి ఇస్తారా అని. చాలాసేపు ఆలోచించారు. అసలు కాగితాలు ఇవ్వనన్నారు, కేసు తేలేదాకా అవి తన దగ్గరే ఉండాలన్నారు. నకళ్లు తీసుకోవచ్చు, కానీ రెండు షరతులు. నిజామాబాద్‌లో ఒకటి పెట్టినా, బోధన్ శాఖా గ్రంథాలయంలో ఇంకొకటి ఉండాలి. ఎవరు వచ్చి అడిగినా చూపించాలి. ఫోన్‌లో ఈ సంగతి చెప్పగానే మేడమ్ నకళ్లు ఎన్ని పుటలవుతాయని అడిగారు. జిరాక్స్ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో చూసుకోవాలన్నారు. సూచికలో ‘నిజాం షుగర్స్’ అన్న శీర్షికతో పాటు ‘నిజాం దక్కన్ షుగర్స్’, ‘శక్కర్‌నగర్’, ‘బోధన్ ఫ్యాక్టరీ’ అని మరో మూడు కార్డులు వేస్తానన్నారు. ఎవరు ఏ పేరుతో అడుగుతూ వస్తారో చెప్పలేం గదా సార్, అన్నారు.